కడిగిన బస్సుకు నల్లచారలు ఎక్కడివి?

తొమ్మిదో తరగతిలో ద్రవాల పాఠం చెబుతున్న రోజున, వెనక బెంచీలోని కుర్రవాడొకడు లేచి నిలబడ్డాడు. "మాస్టారూ! సాయంత్రం శుభ్రంగా కడిగిన బస్సు, రాత్రంతా కదలకుండా ఒకేచోట ఉండి, తెల్లారేసరికి ఎలా మురికవుతుంది?" అని అడిగాడు.

తరగతంతా గొల్లున నవ్వింది. వాడు మాత్రం నవ్వలేదు.

సంగతేమిటంటే, వాళ్ల తాత మా ఊళ్లోని ఒక ప్రైవేటు పాఠశాల బస్సుకు క్లీనరు. రోజూ సాయంత్రం పిల్లలందరినీ దింపివచ్చాక, బస్సును మా హైస్కూలు పక్కనున్న ఖాళీ స్థలంలో నిలిపి, నాలుగు వైపులా పైపుతో నీళ్లు కొట్టి, గుడ్డతో తుడిచి ఇంటికి వెళతాడు. కాని తెల్లవారి చూస్తే పసుపుపచ్చ బస్సు మీద కిటికీల పైనుంచి కిందిదాకా నల్లని చారలు! "నువ్వు కడగలేదు, కడిగానని అబద్ధం చెబుతున్నావు" అని పై వాళ్లు మందలించారు. ఆ నెలలో ఒకరోజు జీతం కూడా కోశారు. ముసలాయనకు జీతం పోయిన బాధకంటే అబద్ధాలకోరు అనిపించుకున్న బాధే ఎక్కువయింది. మనవడి ప్రశ్న వెనక ఉన్న కథ అదీ.

ఇది నవ్వవలసిన ప్రశ్న కాదనీ, జవాబు వెతకవలసిన ప్రశ్న అనీ చెప్పి, మర్నాడు ఉదయం ఆరున్నరకే ఓపిక ఉన్నవాళ్లందరినీ బస్సు దగ్గరకు రమ్మన్నాను. ధనుర్మాసపు చలి. పదకొండుమంది వచ్చారు.

ముందుగా నేనొక నియమం పెట్టాను. ఎవరూ కారణం చెప్పకూడదు, కనబడినది మాత్రమే చెప్పాలి. మనం సాధారణంగా కారణం ముందు ఊహించుకుని, తర్వాత దానికి తగినవే చూస్తాం. అందుకని ఈ నియమం.

పిల్లలు చూసినవి ఇవి. చారలన్నీ ఒకే ఎత్తున మొదలవుతున్నాయి. కిటికీలకు పైన, పైకప్పు అంచు వెంట ఒక సన్నని రేకు కాలువ ఉంది కదా, సరిగ్గా దాని కిందినుంచి. ఆ కాలువకు రేకులు అతికిన చోట్లా, రెండు చివరలా చారలు లావుగా ఉన్నాయి. మిగతాచోట్ల లేనేలేవు. ప్రతి చారా నిలువుగానే ఉంది. మధ్యలో కిటికీ చట్రం అడ్డువస్తే పక్కకు తిరిగి, దాని మూలనుంచి మళ్లీ కిందికి దిగింది. చార అంచులు ముదురుగా, నడుమ లేతగా ఉన్నాయి. ఒక అమ్మాయి కాలువలో వేలు పెట్టి తీసి చూపింది. వేలినిండా తడి నల్లమట్టి!

గాలిలోంచి దుమ్ము వచ్చి పడి ఉంటే ఒళ్లంతా సమంగా పడాలి. నిలువు చారలుగా పడదు. నిలువుగా కిందికి జారిందంటే అది నీటితో వచ్చినదే. మరి రాత్రి వాన లేదే! నీరెక్కడిది?

జవాబు బస్సు పైకప్పు మీదే ఉంది. డ్రైవరు గారు నిచ్చెన ఎక్కి చూసి, "పైన తడితడిగా ఉంది మాస్టారూ, వాన పడ్డట్టే ఉంది" అన్నారు. అది మంచు.

మంచు పైనుంచి కురుస్తుందని చాలామంది అనుకుంటారు. మనం మాట్లాడేటప్పుడు కూడా "మంచు కురిసింది" అనే అంటాం. నిజానికి తెల్లవారి ఆకుల మీద కనిపించే నీటిబొట్లు పైనుంచి పడినవి కావు. గాలిలో ఎప్పుడూ కొంత నీటి ఆవిరి ఉంటుంది. ఏదైనా వస్తువు చుట్టూ ఉన్న గాలికంటే బాగా చల్లబడితే, ఆ వస్తువును తాకిన గాలిలోని ఆవిరి ద్రవీభవించి నీరవుతుంది. చల్లని నీళ్లు పోసిన స్టీలు గ్లాసు బయటి వైపు చెమర్చడం మీరు చూసే ఉంటారు. అదీ ఇదీ ఒకటే. ఏ ఉష్ణోగ్రత దగ్గర ఇలా నీరు పట్టడం మొదలవుతుందో దానిని తుషారస్థానం అంటారు.

మరి పైకప్పే ఎందుకు అంత చల్లబడాలి? వెచ్చగా ఉన్న ప్రతి వస్తువూ కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో వేడిని బయటికి పంపుతూనే ఉంటుంది. బస్సు పక్కల నుంచి వెళ్లిన వేడికి బదులుగా ఎదురుగా ఉన్న నేలా, గోడలూ, చెట్లూ తమ వేడిని పంపిస్తాయి. పైకప్పు ఎదురుగా ఉన్నది ఖాళీ ఆకాశం. నిర్మలమైన రాత్రి ఆకాశం నుంచి తిరిగి వచ్చే వేడి చాలా తక్కువ. పైగా అది పలుచని రేకు, దానిలో నిలవ ఉండే వేడి కొంచెమే. అందుచేత అర్ధరాత్రి దాటేసరికి పైకప్పు చుట్టూ ఉన్న గాలికంటే చల్లగా అయిపోతుంది. మబ్బు పట్టిన రాత్రి అయితే మబ్బులు దుప్పటిలా అడ్డుపడి వేడిని తిప్పి పంపుతాయి కాబట్టి మంచు సరిగా పట్టదు.

ఈ విషయాన్ని ఓపికగా పరీక్షించి చెప్పినవాడు విలియం చార్లెస్ వెల్స్ అనే లండన్ వైద్యుడు. తూచిన ఉన్ని ముక్కలను రాత్రివేళ ఆరుబయట రకరకాల చోట్ల ఉంచి, తెల్లవారి వాటిని మళ్లీ తూచేవాడు. కాళ్ల మీద నిలబెట్టిన ఒక పలక పైన ఒక ముక్కను, అదే పలక కింది వైపున మరొక ముక్కను ఉంచితే, ఆకాశాన్ని చూస్తున్న పై ముక్కే ఎక్కువ బరువెక్కింది. మంచు గురించి ఆయన రాసిన పుస్తకం 1814లో వెలువడింది. చూడండి, ఆయనకు కావలసి వచ్చింది కాస్త ఉన్ని, ఒక త్రాసు, నిద్ర మానుకోగల ఓపిక మాత్రమే!

మంచు నీరు ఎంతని? నాలుగు చుక్కలే కదా అనుకోకండి. లెక్క వేద్దాం. బస్సు పైకప్పు సుమారు 9 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల వెడల్పు. వైశాల్యం 21.6 చదరపు మీటర్లు. దాని మీద మంచు 0.1 మిల్లీమీటరు మందాన, అంటే మంచి కాగితమంత మందాన పట్టిందనుకోండి. ఘనపరిమాణం 21.6 ను 0.0001తో గుణిస్తే 0.00216 ఘనపు మీటర్లు. అంటే రెండు లీటర్ల పైచిలుకు! అంతా కిందికి రాదు, కొంత కప్పు మీదే ఉండిపోతుంది. అయినా సగం జారినా చెంబెడు నీళ్లు.

ఇక్కడొక తమాషా ఉంది. ఈ చెంబెడు నీళ్లే చెడ్డవి. జోరువాన పడితే బస్సు మురికి కాదు సరిగదా, శుభ్రపడుతుంది. ఎందుకంటే వాననీరు మురికిని కదిలించడమే కాదు, నేల దాకా మోసుకుపోతుంది. మంచు నీటికి మురికిని కదిలించే శక్తి ఉంది గాని, చివరిదాకా మోసే శక్తి లేదు. దారిలోనే ఆరిపోయి, మోసిన బరువునంతా అక్కడే దింపేస్తుంది. నాలుగు చినుకులు పడి వెలిసిన వానకూడా ఇదే పని చేస్తుంది. వేసవి తర్వాత తొలివాన చినుకులకు కార్లన్నీ చారికలు కట్టేది అందువల్లనే.

మాది పల్నాడు. సున్నపురాయి లారీలు తిరిగే రోడ్డు, తెల్లని దుమ్ము. "మరి చార నల్లగా ఎందుకుంది మాస్టారూ? తెల్లగానో ఎర్రగానో ఉండాలి కదా" అన్నాడొకడు. మంచి ప్రశ్న. రోడ్డు దుమ్ములో పెద్ద రేణువులూ ఉంటాయి, చిన్నవీ ఉంటాయి. నెమ్మదిగా పారే నీటిలో పెద్దవి అడుగున నిలిచిపోతాయి, చిన్నవి అవలంబనంగా తేలుతూ నీటితో పోతాయి. ఏరులో ఇసుక ముందు దిగి, బురద దూరం పోయినట్లే. బస్సు అంచు కాలువ ఒక చిన్న ఏరు అన్నమాట. డీజిలు పొగలోని మసి రేణువులు చాలావరకు మిల్లీమీటరులో వెయ్యో వంతుకంటే చిన్నవి. అవి ముఖ్యంగా కార్బన్. వాటికి కాస్త జిడ్డు కూడా అంటి ఉంటుంది. మసి కొద్దిగా ఉన్నా రంగు గట్టిగా పడుతుంది. ఒక మసిగుడ్డను బకెట్టు నీళ్లలో ముంచి చూస్తే ఆ సంగతి మీకే తెలుస్తుంది.

సరే, కాలువలో చేరిన నీరు అంచు దాటి చుక్కలుగా నేల మీద పడిపోవచ్చు కదా! బస్సు ఒంటిని పట్టుకుని ఎందుకు దిగాలి? ఇంట్లో టీ చల్లార్చడానికి గ్లాసులోంచి గ్లాసులోకి తిరగబోయండి. ధారగా గట్టిగా పోస్తే సరిగా పడుతుంది. మెల్లగా వంచితే టీ గ్లాసు అంచు తిరిగి, బయటి గోడ వెంట కారి, చెయ్యి కాలుస్తుంది. నీటి అణువులకు ఒకదానితో ఒకటికి ఆకర్షణ ఉన్నట్లే, తాము తాకిన తలంతో కూడా ఆకర్షణ ఉంటుంది. మొదటిది సంసంజన బలం, రెండవది అసంజన బలం. నీరు వేగంగా ఉన్నప్పుడు తలాన్ని విడిచి ఎగిరిపోతుంది, మెల్లగా ఉన్నప్పుడు తలానికి లొంగిపోతుంది. మంచు నీరు ఎప్పుడూ మెల్లగానే వస్తుంది.

ఇంటికి వెళ్లి మీ ఇంటి కిటికీ మీది సన్‌షేడు అడుగున చూడండి. మంచి మేస్త్రీ కట్టినదైతే, అంచుకు కాస్త లోపలగా, పొడుగునా ఒక సన్నని గాడి ఉంటుంది. అంచు తిరిగి లోపలికి పాకివచ్చే నీరు ఆ గాడిని దాటలేక అక్కడే బొట్లు కట్టి కిందపడుతుంది. గాడి తీయని ఇళ్లలో నీరు సన్‌షేడు అడుగంతా పాకి గోడ మీదికి వచ్చి చారలు కడుతుంది. (ట్యాంకు నీళ్లు పొర్లే గోడల మీది నల్లచారలు మాత్రం చాలాసార్లు వేరే జాతి. అవి సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల కాపురాలు. తడి ఉన్నంతకాలం పెరుగుతాయి. వాటిని మసి అనుకోకండి.)

ఒకసారి నీరు దిగిన దారినే తర్వాతి నీరు కూడా పట్టుకుంటుంది. పొడి తలం మీద కొత్తగా పరుచుకోవడం కంటే తడిసిన తలం మీద జారడం నీటికి సులభం. కాబట్టి వంద దారులు కాకుండా నాలుగైదు దారులే ఏర్పడతాయి, ఉన్న మురికంతా వాటిలోకే చేరుతుంది.

అంచులు ముదురుగా ఉండడం గుర్తుంది కదూ? దీనికి ఒక ప్రయోగం చేయండి. పెరటి మన్ను ఒక చెంచాడు గ్లాసు నీళ్లలో కలిపి, అర నిమిషం ఆగి, పైనున్న బురదనీటిని నాలుగు చుక్కలు స్టీలు పళ్లెం మీద వేసి, కదపకుండా ఆరనివ్వండి. ఆరిన తర్వాత ప్రతి చుక్క చుట్టూ ఒక ఉంగరం కనిపిస్తుంది. బల్ల మీద పడిన కాఫీ చుక్క కూడా అంతే. అంచు దగ్గర నీటి పొర పలుచన, అక్కడ బాష్పీభవనం వేగంగా జరుగుతుంది. పోయిన నీటి స్థానంలోకి నడుమ నుంచి నీరు ప్రవహిస్తూ, తనతో రేణువులను కూడా అంచుకు చేరవేస్తుంది. ఎంత మామూలు దృశ్యం! అయినా దీనికి సరైన వివరణ వచ్చింది 1997లోనే. షికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డీగన్, ఆయన సహచరులు ఇచ్చారు. అంతవరకూ శాస్త్రజ్ఞులు కాఫీ తాగలేదని కాదు!

ఇదంతా బాగానే ఉంది. కాని ఇది ఇంకా ఊహే. పై వాళ్ల ముందు నిలబడి "మంచు వల్లనండీ" అంటే ఎవరు నమ్ముతారు? పరీక్ష కావాలి. బస్సు పైకప్పు నడుమ ఎత్తుగా, రెండు పక్కలకూ వాలుగా ఉంటుంది. ఎడమ సగం నీరు ఎడమకే, కుడి సగం నీరు కుడికే. ఈ సంగతి గమనించి ఉపాయం చెప్పింది కాలువలో వేలు పెట్టిన అమ్మాయే. ఆ సాయంత్రం తాత ఎప్పటిలాగే రెండు పక్కలూ కడిగాడు. డ్రైవరు గారు నిచ్చెన మీదినుంచి పొడుగు కర్రకు గుడ్డ కట్టి, పైకప్పు ఎడమ సగమూ ఎడమ కాలువా మాత్రం మూడు దఫాలుగా కడిగారు. కుడి సగాన్ని ముట్టుకోలేదు. (నిచ్చెన పని పెద్దవాళ్లది. పైన కరెంటు తీగలున్న చోట పెద్దవాళ్లది కూడా కాదు.)

తెల్లవారింది. కుడివైపున ఏడు చారలు. ఎడమవైపున ఒక్కటంటే ఒక్కటీ లేదు!

పిల్లలు చప్పట్లు కొడుతుండగా, తాత మనవడు మాత్రం తల అడ్డంగా ఊపాడు. "ఎడమవైపు తూర్పుకు ఉంది మాస్టారూ. దానివల్లేమో?" అన్నాడు. నా ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు అంత సంతోషం కలిగించిన మాటలు తక్కువ. తనకు కావలసిన జవాబు వచ్చాక కూడా అనుమానించగలిగాడు! ఆ రాత్రి బస్సును తిప్పి నిలిపాం. కుడివైపు తూర్పుకు వచ్చింది. తెల్లవారి చూస్తే చారలు మళ్లీ కుడివైపే. ఇంకో రాత్రి మబ్బు పట్టింది, ఆ ఉదయం కుడివైపు కూడా చారలు రాలేదు.

డ్రైవరు గారు పై వాళ్లను పిలిచి చూపించారు. తర్వాతి నెలలో జీతం కోయలేదు. ముందు కోసినది మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఒక పొడుగు కర్ర బ్రష్షు కొనిపెట్టారు.

ఇక పడిన చారలను తీయడం ఎలా? ఇక్కడే చాలామంది నష్టపోతారు. ముప్పయ్యేళ్ల కిందట నేనూ నష్టపోయాను. నా స్కూటరు మీది చారికలు పోవడం లేదని, గిన్నెలు తోమే ఊకబూడిదా కొబ్బరిపీచూ పట్టుకుని అరగంట రుద్దాను. చారికలు పోయాయి, వాటితోబాటే రంగు మెరుపూ పోయింది. సైన్సు మాస్టారినై ఉండి చేసిన పని అది! వరి ఊకబూడిదలో ఎక్కువ భాగం సిలికా. ఇసుకలో ఉండేదీ అదే. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ ఖనిజశాస్త్రజ్ఞుడు ఏ ఖనిజం దేనిని గీయగలదో చూసి, కాఠిన్యానికి 1 నుంచి 10 వరకు మెట్లు ఏర్పరిచాడు. ఆ మెట్ల మీద మన గోరు సుమారు 2.5, కిటికీ అద్దం సుమారు 5.5, ఇసుకలోని క్వార్ట్జ్ 7. అద్దాన్నే గీయగల వస్తువు రంగును విడిచిపెడుతుందా? ఈ రోజుల్లో కార్లకు రంగు మీద రంగు లేని పారదర్శకపు పూత ఒకటి వేస్తారు. దానితో సహా పూతలన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. మెరుపంతా ఆ పై పూత నునుపులోనే ఉంది. గీతలు పడితే కాంతి చెల్లాచెదురై మసకబారుతుంది.

పొడిగుడ్డతో దులిపినా జరిగేది అదే. గుడ్డ కింద చిక్కిన ఇసుక రేణువు ఉలిలా పనిచేస్తుంది. కాబట్టి మొదటి పని రుద్దడం కాదు, నానబెట్టడం. నీడన నిలిపి, పైనుంచి మొదలుపెట్టి నీళ్లు ధారగా పోయాలి. వదులుగా ఉన్న రేణువులు వాటంతట అవే పోతాయి. పాత చార అయితే తడిగుడ్డను దానిమీద పది నిమిషాలు అంటించి ఉంచాలి. తర్వాత సబ్బునీరు.

సబ్బు ఏం చేస్తుంది? సబ్బు అణువుకు ఒక కొన నీటిని కోరుకుంటుంది, రెండవ కొన జిడ్డును కోరుకుంటుంది. జిడ్డు అంటిన మసి రేణువు చుట్టూ ఈ అణువులు జిడ్డుకొనను లోపలికీ నీటికొనను బయటికీ పెట్టి ముసురుకుంటాయి. రేణువు తలాన్ని విడిచి నీటిలోకి వస్తుంది. అంతేకాక నీటి తలతన్యత తగ్గుతుంది. మామూలు నీటికి 25 డిగ్రీల సెల్సియస్ వద్ద అది మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. సబ్బు కలిస్తే దాదాపు సగానికి పడిపోతుంది. అప్పుడు నీరు బొట్లుగా నిలవకుండా సందుల్లోకి దూరుతుంది. తలతన్యతను కొలవడానికి ఒక సాధనాన్ని వంటింటి గిన్నెలు కడిగే నీటిని చూస్తూ తయారుచేసిన వ్యక్తి ఆగ్నెస్ పాకెల్స్ అనే జర్మన్ యువతి. ఆ రోజుల్లో ఆడపిల్ల కనుక విశ్వవిద్యాలయానికి వెళ్లలేకపోయింది. తన ఫలితాలను లార్డ్ రేలీకి ఉత్తరంగా రాస్తే, ఆయన వాటిని 1891లో నేచర్ పత్రికలో అచ్చు వేయించాడు.

మా వైపు బోరునీళ్లు కఠినజలం. వాటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. బట్టల సబ్బు వాటితో కలిసి తెల్లని తెట్టు కడుతుంది. వాషింగ్ పౌడరులో సోడా కలిసి ఉంటుంది, అది మైనపు పూతను పోగొడుతుంది. అందుచేత వాహనాలకు వాడే షాంపూను బకెట్టులో కొద్దిగా కలిపితే చాలు. దొరకకపోతే తలకు రాసుకునే మెత్తని షాంపూ ఒక్కసారికి పరవాలేదు. రెండు బకెట్లు పెట్టుకోవాలి. ఒకదానిలో షాంపూ నీరు, రెండవదానిలో మురికిగుడ్డను జాడించడానికి మంచినీరు. మెత్తని నూలుగుడ్డతో, చార వెంట పైనుంచి కిందికి, గట్టిగా అదమకుండా తుడవాలి. ఆఖరున నీళ్లు పోసి, ఆరకముందే వేరే పొడిగుడ్డతో నీటిని అద్దాలి. ఎండలో వదిలేస్తే కఠినజలం ఆరి తెల్లమచ్చలు మిగులుతాయి. అంటే నల్లచార తీసి తెల్లచార పెట్టుకున్నట్లు! ఆ తెల్లమచ్చలు ముఖ్యంగా కార్బొనేట్లు కాబట్టి, బాగా పలుచన చేసిన వెనిగరు అద్దితే కరుగుతాయి. వెంటనే మంచినీటితో కడగాలి. నల్లచారకు వెనిగరు వల్ల ప్రయోజనం లేదు. కార్బన్ ఆమ్లంలో కరగదు.

కిరోసిన్, పెట్రోలుతో తుడవమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. జిడ్డు కరగడం నిజమే. రబ్బరు ఉబ్బిపోవడం, కొన్ని రంగులు మెత్తబడడం, నిప్పంటుకోవడం కూడా నిజమే. ఆ జోలికి వెళ్లవద్దు. ఎంతకూ పోని చారకు పాలిష్ పేస్టు ఉంది గాని, అది మరకను కాక పూతలోనే సన్నని పొరను అరగదీస్తుందని గుర్తుంచుకోవాలి. రెండుమూడేళ్లకొకసారి చాలు, ప్రతి ఆదివారం చేసే పని కాదు.

చారలు పడకుండా చూడడానికి తాత ఇప్పుడు చేసే పని చెబుతాను. వారానికి రెండుసార్లు పైకప్పు కడుగుతాడు. అంచు కాలువలో చేరిన వేపాకులూ మట్టీ తీసేస్తాడు. చలికాలం తెల్లవారుఝామున, ఎండ రాకముందే, పొడిగుడ్డతో కాలువ అంచు ఒకసారి తుడుస్తాడు. దానికి పది నిమిషాలు పడుతుంది. కాలువ చివర్లకు డ్రైవరు గారు వేలెడు ప్లాస్టిక్ గొట్టం ముక్కలు బిగించారు. నీరు ఒంటికి తగలకుండా దూరంగా చుక్కలు పడుతోంది. వేపచెట్టు కింద నిలిపితే మంచే పట్టదు కదా అని పిల్లలు అన్నారు. నిజమే, చెట్టు ఆకాశాన్ని కప్పేస్తుంది. ఒకరాత్రి నిలిపి చూశారు. చారలు రాలేదు. కాని పిట్టల రెట్టలు రంగుకు మసికంటే పెద్ద శత్రువులని మర్నాడు తెలిసింది.

మైనపు పూత వేస్తే చారలు పడవా అంటే, పడతాయి. కాని గట్టిగా అంటుకోవు. మైనం మీద నీటి స్పర్శకోణం 90 డిగ్రీలు దాటుతుంది, నీరు పరుచుకోకుండా బొట్లు కడుతుంది. బ్రెజిల్ దేశంలో పెరిగే కార్నోబా అనే తాటిజాతి చెట్టు ఆకుల మైనాన్ని ఇందుకు వాడతారు. తామరాకు ఇంకా గొప్పది. మైనానికి తోడు దాని మీద కంటికి కనిపించని బుడిపెలుంటాయి. నీటిబొట్టు వాటి కొనల మీద మాత్రమే ఆని, దొర్లిపోతూ దుమ్మును కూడా ఎత్తుకుపోతుంది. చేమాకు మీద కాస్త దుమ్ము చల్లి, నీటిబొట్టు దొర్లించి చూడండి.

ఇంత చేసినా మా బస్సు ఎడమవైపు మూడో కిటికీ కింద ఒక చార మాత్రం ఇప్పటికీ వస్తోంది. అది కాలువ నుంచి కాదు, కిటికీ మూలనుంచే మొదలవుతోంది. పిల్లలు తెల్లకాగితంతో కిటికీ రబ్బరు బీడింగును రుద్ది చూశారు. కాగితం నల్లబడింది. రబ్బరు గట్టిపడడానికి దానిలో కార్బన్ మసినే కలుపుతారు. ఎండకు పాతబడిన రబ్బరు దానిని పొడిపొడిగా వదులుతోంది. కొత్త బీడింగు కోసం తాత అడిగి ఉన్నాడు.